ఒప్పుల ఆడిట్: టీమ్‌ను నడిపేవాళ్లు పాజిటివ్ సైకాలజీని పనిలో పెట్టడం ఎలా

బ్యాంకులో పనిచేసినవాళ్లకి ఆడిట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వారం పది రోజులు ఒక టేబుల్ దగ్గర కూర్చుని, ఫైళ్లన్నీ తిరగేసి, చివర్లో ఒక రిపోర్టు ఇస్తారు. ఈ లోన్ ఫైల్లో సంతకం లేదు, ఆ లాకర్ అగ్రిమెంటుకి స్టాంపు చాల్లేదు, ఫలానా ఖాతా కేవైసీ పాతబడింది. నేను చూసిన రిపోర్టుల్లో బ్రాంచిలో బాగా జరిగిన పని గురించి ఒక్క వాక్యం చదివిన గుర్తు లేదు. అది వాళ్ల తప్పు కాదు, ఆడిట్ పనే అది. కాకపోతే మేనేజర్ కుర్చీలో కొన్నేళ్లు గడిచాక నాకో సంగతి తెలిసొచ్చింది. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా నేనూ మా స్టాఫ్‌ని ఆడిట్ చేస్తూనే ఉన్నాను. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరి కౌంటర్ దగ్గర లైను పెరిగింది, ఎవరు టార్గెట్‌కి ఎంత దూరంలో ఉన్నారు. అంతే.

మనస్తత్వశాస్త్రం కూడా చాలాకాలం ఇలాగే నడిచింది. 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షుడిగా ఉన్న మార్టిన్ సెలిగ్మన్ ఆ మాట బయటికే అన్నారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మన శాస్త్రం ఎక్కువగా మనసు జబ్బుల చుట్టూనే తిరిగింది, మనిషి బాగున్నప్పుడు ఎందుకు బాగున్నాడో కూడా అంతే పట్టుదలగా చదవాలి అన్నది ఆయన వాదన. పాజిటివ్ సైకాలజీ ఊపందుకున్నది అక్కణ్ణుంచే. కాబట్టి ఇది గోడ మీద ‘నవ్వుతూ పనిచేయండి’ పోస్టరు అంటించే వ్యవహారం కాదు. ఒప్పుల ఆడిట్ అనుకోండి. ఏది బాగా జరిగింది, ఎవరి వల్ల, ఎందుకు, మళ్లీ జరగాలంటే ఏం కావాలి. తప్పు దొరికినప్పుడు ఎంత నిక్కచ్చిగా ఉంటామో, ఇక్కడా అంతే నిక్కచ్చిగా ఉండాలి.

మీ కింద ఎనిమిది నుంచి పదిహేను మంది ఉన్నారనుకుని రాస్తున్నాను. నా ఉదాహరణలన్నీ బ్యాంకువే, మీది ఆస్పత్రి వార్డయినా, స్కూలయినా, సాఫ్ట్‌వేర్ టీమయినా దానికి తగ్గట్టు మార్చుకోండి. ఆరు వారాలు చాలు. ఖర్చల్లా ఒక నోట్‌బుక్. ఎడమ పేజీ తప్పులకి, కుడి పేజీ ఒప్పులకి. మొదటి వారం ఎడమ పేజీ నిండిపోయి కుడి పేజీ ఖాళీగా ఉంటుంది. కంగారు పడకండి, నాదీ అలాగే ఉంది.

మొదటి వారం: ముందు చెప్పులో రాయి తీయండి

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పాజిటివ్ సైకాలజీ అనగానే ఒక ట్రైనర్‌ని పిలిపించి, బెలూన్లు కట్టి, రెండు గంటలు చప్పట్లు కొట్టిస్తారు. మర్నాడు అదే ప్రింటర్, అదే లైను, లంచ్‌కి లేవలేని అదే కౌంటరు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనం చూడండి. బ్రిటన్‌లో 233 సంస్థల్లో పనిచేసే 46,336 మంది సమాచారం పరిశీలించారు. ధ్యానం క్లాసులు, ఒత్తిడి తట్టుకునే శిక్షణ, యాప్‌లు, ఇలాంటి వాటిలో పాల్గొన్నవాళ్లు పాల్గొననివాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ లేరని తేలింది. స్వచ్ఛంద సేవలో పాల్గొన్నవాళ్లకి మాత్రం కొంత మేలు కనిపించింది. మనిషిని మార్చబోయే ముందు పని జరిగే తీరు మార్చాలని నేను దాన్నుంచి తీసుకున్నాను.

ఎలా మొదలుపెట్టాలంటే, ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలు మాట్లాడండి. మీ క్యాబిన్లో వద్దు. క్యాబిన్లోకి పిలిస్తే మెమో ఇస్తారేమోనన్న భయంతోనే వస్తారు. టీ తాగే చోట, లేదా సాయంత్రం షట్టర్ సగం దించాక వాళ్ల కుర్చీ పక్కనే కూర్చోండి. ‘ఏమైనా ప్రాబ్లమ్ ఉందా?’ అని అడక్కండి. ‘ఏం లేదు మేడం, అంతా ఓకే’ అన్న జవాబు రెడీగా ఉంటుంది. ఈ రెండూ అడగండి: ‘నిన్నటి పనిలో మిమ్మల్ని బాగా విసిగించింది ఏమిటి?’, ‘మీ చేతిలో ఉంటే రేపటి నుంచి ఒక్కటి ఏం మారుస్తారు?’ నిన్నటి గురించి అడిగితే నిజం వస్తుంది. మామూలుగా ఎలా ఉందని అడిగితే మర్యాద వస్తుంది. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ‘అది ఎందుకలా ఉందంటే’ అని మీరు సమర్థించుకోవడం మొదలుపెట్టారంటే మాట్లాడటం అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత వాటిని మూడు కుప్పలు పెట్టండి. నా చేతిలో ఉన్నవి, పై ఆఫీసు చేతిలో ఉన్నవి, ఎవరి చేతిలోనూ లేనివి. మొదటి కుప్పలోంచి ఒకటి తీసుకుని శుక్రవారం లోపు సరిచేయండి.

మా బ్రాంచిలో ఏడుగురిలో నలుగురు చెప్పింది పాస్‌బుక్ ప్రింటర్ గురించి. అది క్యాష్ కౌంటర్ పక్కన ఉండేది. ప్రింట్ కోసం వచ్చినవాళ్ల అరుపులన్నీ డబ్బు లెక్కపెడుతున్న అమ్మాయి చెవిలో పడేవి. జీతాల కోసం, టార్గెట్ల కోసం దేవుణ్ణి తలుచుకుంటున్నారేమో అని నేననుకుంటే వాళ్ల బాధ ప్రింటర్! ఒక ఎక్స్‌టెన్షన్ వైరు కొని దాన్ని తలుపు దగ్గరికి మార్చాం. ఆ సాయంత్రం హాల్లో నిశ్శబ్దం వింతగా అనిపించింది.

చిన్న పని అని కొట్టిపారేయకండి. హార్వర్డ్‌లో తెరెసా అమబిలె, స్టీవెన్ క్రేమర్‌తో కలిసి 238 మంది ఉద్యోగులు రోజూ రాసిన దాదాపు 12,000 డైరీ నోట్లు చదివారు. మంచి రోజు అనిపించిన రోజుల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించింది బోనస్ కాదు, పొగడ్త కాదు, చేస్తున్న పనిలో ఒక అడుగు ముందుకు పడటం. అడ్డం తీస్తే అడుగు దానంతటదే పడుతుంది.

రెండో కుప్ప సంగతి కూడా చెప్పాలి. పై ఆఫీసుకి రాసిన ఉత్తరం మీ స్టాఫ్‌కి చూపించండి. ‘కుదరదు’ అని జవాబొస్తే అదీ చూపించండి. అడిగి వదిలేశారు అనుకోవడం కన్నా, అడిగితే కాదన్నారు అని తెలియడం నయం.

రెండో వారం: మెచ్చుకోవడం నేర్చుకోండి

మన ఆఫీసుల్లో ఒక మనిషి గురించి నాలుగు మంచి మాటలు వినిపించే సందర్భాలు రెండే. రిటైర్మెంట్ ఫంక్షన్లో శాలువా కప్పినప్పుడు, సంతాప సభలో. రెండో సందర్భంలో ఆ మనిషికి వినపడదు కూడా. పొగిడితే నెత్తికెక్కుతారని, ఎదురుగా పొగిడితే దిష్టి తగులుతుందని వింటూ పెరిగినవాళ్లం కదా, నోరు పెగలదు. నాకూ మొదట్లో సిగ్గుగానే ఉండేది.

మెచ్చుకోవడంలో మూడు ముక్కలుంటే చాలు: ఏం చేశారు, దానివల్ల ఏమైంది, మీరు దాన్ని గమనించారు. ‘సూపరండీ, బాగా చేస్తున్నారు’ అంటే అది గాలి మాట, ఎవరికైనా అతుకుతుంది. ఇలా చెప్పి చూడండి: ‘నిన్న ఆ పెద్దాయన ఎఫ్‌డీ గురించి అరుస్తుంటే మీరు గొంతు పెంచకుండా కుర్చీ చూపించి కూర్చోబెట్టారు చూడండి, దాంతో వెనక ఉన్న లైనంతా కదిలింది. నేను లోపల్నుంచి చూశాను.’ ఇది ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ అతకదు.

అదే రోజు చెప్పండి, కుదరకపోతే మర్నాడు. నెలాఖరు మీటింగ్ దాకా దాచిపెడితే చద్దిదవుతుంది. వాక్యం చివర ‘కానీ’ పెట్టకండి. ‘బాగా చేశారు కానీ ఆ వోచర్లు ఇంకా పెండింగ్ ఉన్నాయి’ అంటే మనిషి చెవికి వినపడేది వోచర్లే. పెండింగ్ సంగతి వేరే పూట మాట్లాడుకోండి.

చెప్పేది పని గురించి కావాలి, మనిషి గురించి కాదు. 1996లో క్లుగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా పాడైంది. చూపు పని మీంచి జారి ‘నేనెలాంటి మనిషిని’ అన్న ప్రశ్న మీదికి పోయినప్పుడు అలా అవుతుందని వాళ్ల విశ్లేషణ. తిట్టుకే కాదు, పొగడ్తకీ ఇది వర్తిస్తుంది. ‘నువ్వు మా బ్రాంచికి స్టార్’ అన్నారనుకోండి, ఆ మనిషి రేపట్నుంచి స్టార్‌గా ఉండటానికి తంటాలు పడతాడు, పక్కవాళ్లు మొహం ముడుచుకుంటారు.

అందరి ముందు చెప్పాలా, విడిగానా? మనిషిని బట్టి. మా హెడ్ క్యాషియర్ గారిని అందరి ముందు మెచ్చుకుంటే ఆయన చెవులు ఎర్రబడేవి, ఆ రోజంతా నాకు దూరంగా తిరిగేవారు. ఆయన విషయంలో నేను కనిపెట్టిన ఉపాయం, ఆయన భార్య బ్రాంచికి వచ్చినప్పుడు ఆవిడకి చెప్పడం.

ఒక మాట. ‘ఒక విమర్శకి మూడు పొగడ్తలు’ అనే లెక్క ట్రైనింగుల్లో వినే ఉంటారు. 2005లో వచ్చిన ఒక పేపర్లో 2.9013 అని నాలుగు దశాంశ స్థానాల దాకా ఒక నిష్పత్తి ఇచ్చారు. 2013లో నిక్ బ్రౌన్, అలన్ సోకల్, హారిస్ ఫ్రీడ్‌మన్ ఆ గణితమంతా తప్పని చూపించారు, పేపర్లో ఆ భాగాన్ని వెనక్కి తీసుకున్నారు. కాబట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పొగడకండి. చూసినప్పుడు చెప్పండి, చూడనప్పుడు ఊరుకోండి.

మూడో వారం: ఎవరు దేనికి సరిపోతారు

రెండు వారాలు కుడి పేజీ రాశాక దాన్ని ఒకసారి తిరగేయండి. నాకు ఆశ్చర్యం కలిగించింది ఒక క్లర్కు పేరు. యాభై దాటిన మనిషి, క్యాష్ కౌంటర్లో మహా నిదానం. ఆయన మీద నాకు ఫిర్యాదులు రాని వారం లేదు. ఎడమ పేజీ నిండా ఆయనే. కానీ కుడి పేజీలో కూడా మూడుసార్లు ఉన్నారు, మూడూ ముసలివాళ్ల గురించే. నవంబర్లో పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వస్తారు కదా, వేళ్లు అరిగిపోయి వేలిముద్ర మెషిన్ ఒప్పుకోదు. ఈయన విసుక్కోకుండా చేతులు తుడిపించి, ఇంకో వేలు పెట్టించి, అదీ కాకపోతే కాసేపు కూర్చోబెట్టి మాట్లాడి మళ్లీ పెట్టించేవారు. కౌంటర్లో ఏ నిదానాన్ని మేం తిట్టుకున్నామో, ఇక్కడ సరిగ్గా అదే కావాలి.

పొద్దుటిపూట ఆయన్ని పెన్షన్ డెస్క్‌లో కూర్చోబెట్టి, క్యాష్ వేరే అమ్మాయికి ఇచ్చాం. రెండు వారాల ట్రయల్ అని చెప్పాను. పది రోజులు గడిచేసరికి మంచం మీదున్న పెన్షనర్ల జాబితా తనే ఒకటి రాసుకుని తెచ్చారు. ఎవరూ అడగలేదు.

మీ టీమ్‌లో ఇది కనిపెట్టడానికి రెండు ప్రశ్నలు. ‘ఏ పని చేస్తుంటే టైం తెలీదు?’ ఇది చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి చదివిన స్థితి. పని మరీ తేలికా కాకుండా, మరీ కష్టమూ కాకుండా మన చేతనైనదానికి సరిజోడుగా ఉన్నప్పుడు మనిషి అందులో మునిగిపోతాడు. రెండోది, ‘ఏ పని వస్తే పక్కవాళ్లు మిమ్మల్నే పిలుస్తారు?’ నా అనుభవంలో రెండో ప్రశ్నకే నిజమైన జవాబొస్తుంది. మన గొప్ప మనం చెప్పుకోవడానికి మొహమాటం, పక్కవాళ్లు పిలుస్తారని చెప్పడానికి అంత మొహమాటం ఉండదు.

క్రిస్టఫర్ పీటర్సన్, సెలిగ్మన్ కలిసి 2004లో 24 గుణబలాల జాబితా తయారుచేశారు. కుతూహలం, న్యాయబుద్ధి, ఓర్పుతో పట్టువిడవకపోవడం, హాస్యం ఇలాంటివి. వీఐఏ అనే పేరుతో ఆన్‌లైన్లో ఉచితంగా టెస్ట్ కూడా ఉంది. మాటలు కలపడానికి ఆ టెస్టులు పనికొస్తాయి. అంతకుమించి నేను నమ్మను. ఫలితం మనిషి నుదుటి మీద అంటించేసి ‘నీకు లీడర్‌షిప్ లేదట’ అనేవాళ్లని చూశాను.

రెండు జాగ్రత్తలు. బాగా చేస్తున్నారు కదా అని బరువంతా వాళ్ల మీదే వేయకండి. కంప్యూటర్ బాగా వచ్చిన కుర్రాడి దగ్గరికి బ్రాంచి మొత్తం వెళ్తుంది, అతని సొంత పని రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది. అది బలాన్ని గుర్తించడం కాదు, దోచుకోవడం. రెండోది, వోచర్లు కట్టలు కట్టడం, పాత ఫైళ్లు రికార్డ్ రూములో సర్దడం ఎవరి బలమూ కాదు. అలాంటివి వంతులవారీగా పంచండి, ఆ వంతుల్లో మీ పేరూ ఉండాలి.

నాలుగో వారం: తప్పు చెప్పుకోగలిగే చోటు

సాయంత్రం క్యాష్ క్లోజింగ్. నాలుగున్నర వేలు తక్కువొచ్చాయి. బ్యాంకుల్లో ఆనవాయితీ మీకు తెలుసు, తక్కువొస్తే క్యాషియరే కట్టాలి. అందుకని చాలామంది నోరు మెదపకుండా పర్సులోంచో, పక్కనున్న స్నేహితురాలి దగ్గర అప్పుచేసో కట్టేస్తారు. మేనేజర్‌కి తెలియదు. లెక్కపెట్టే మెషిన్ పాత నోట్లు రెండింటిని ఒకటిగా లాగుతోందన్న సంగతీ తెలియదు. వచ్చే నెల మళ్లీ పోతాయి.

ఎమీ ఎడ్మండ్సన్ 1990ల్లో ఆస్పత్రుల్లో మందుల పొరపాట్ల మీద చేసిన పరిశోధనలో ఒక తిరకాసు ఎదురైంది. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. తరచి చూస్తే వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచకుండా చెబుతున్నారు. తర్వాత ఆవిడ ఈ విషయం మీదే ఏళ్లపాటు పనిచేశారు. ఆస్పత్రి అయినా బ్యాంకు అయినా మనకి కావాల్సింది అదే.

మొదట మీ తప్పు మీరు చెప్పండి. సోమవారం పొద్దున పది నిమిషాల మీటింగులో నేను ఒక రోజు, ‘పోయినవారం ఒక డిపాజిట్‌కి సీనియర్ సిటిజన్ రేటు ఇవ్వకుండా పాస్ చేసేశాను, కస్టమర్ వచ్చి చెప్తే తెలిసింది’ అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. మూడో సోమవారం ఒకమ్మాయి తన పొరపాటు తనే చెప్పింది. మధ్యలో రెండు వారాలు నేనొక్కదాన్నే చెప్పుకున్నాను, కాస్త ఓపిక పట్టాలి.

రెండోది, ఎవరైనా తప్పు చెప్పినప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి వాక్యం. ‘ఎవరు చేశారు?’ అంటే ఆట ముగిసింది. ‘చెప్పడం మంచిదైంది. ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం రండి’ అని అలవాటు చేసుకోండి. కోపమొచ్చినా సరే, నోటికి ముందే కంఠతా వచ్చి ఉండాలి. అందుకే అద్దం ముందు అనుకుని చూడమంటాను, నవ్వొచ్చినా.

మూడోది ఎవరూ చెప్పరు. రూలు ప్రకారం పైకి రాయాల్సింది రాయాల్సిందే. ‘నాకు చెప్పండి, ఎవరికీ తెలియనివ్వను’ అని మాటివ్వకండి. రేపు నిలబెట్టుకోలేరు. నేను చెప్పిందిది: ‘రాయాల్సిన చోట రాస్తాను. కానీ మీ అంతట మీరే చెప్పారన్నది కూడా అందులోనే రాస్తాను.’ పొరపాటుకీ మోసానికీ తేడా ఉంది, మెత్తగా ఉండటమంటే రెండింటినీ కలిపేయడం కాదు.

మంచి కబురు చెప్పినప్పుడు

దీనికి వారం కేటాయించక్కర్లేదు, ఒక్క నిమిషం చాలు. మనిషి కష్టంలో ఉన్నప్పుడు మనం ఎలాగూ పలకరిస్తాం. మంచి జరిగినప్పుడు ఎలా స్పందిస్తామన్నది కూడా బంధాన్ని నిలబెడుతుందని షెల్లీ గేబుల్ జంటల మీద చేసిన పరిశోధనల్లో చూపించారు. ఆఫీసులోనూ పనికొస్తుంది. ‘మేడం, మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకొచ్చింది’ అని అటెండర్ వచ్చి చెప్పాడనుకోండి. కంప్యూటర్ వైపే చూస్తూ ‘ఆఁ, గుడ్’ అనొచ్చు. ‘ఇంజనీరింగా? ఇప్పుడు ఉద్యోగాలెక్కడున్నాయి, ఫీజులు చూశావా’ అనొచ్చు. ‘మావాడికి కూడా అప్పట్లో...’ అని మన సొద మొదలుపెట్టొచ్చు. లేదా కుర్చీ తిప్పి, ‘అబ్బ! ఎప్పుడు తెలిసింది? ఇంట్లో ఎవరు ముందు చూశారు? ఏ కాలేజీ అనుకుంటోంది?’ అని అడగొచ్చు. చివరిది కొంచెం టైం తీసుకుంటుంది, అంతే.

ఐదో వారం: ఈ పని ఎవరి ఇంటికి చేరుతోంది

అమెరికాలో ఒక యూనివర్సిటీ కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల మీద ఆడం గ్రాంట్ బృందం ఒక ప్రయోగం చేసి 2007లో ప్రచురించింది. ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ పొందిన ఒక విద్యార్థిని తీసుకొచ్చి కొద్ది నిమిషాలు వాళ్లతో మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం రెట్టింపు దాటింది, తెచ్చిన విరాళాలూ అంతకు తగ్గట్టే పెరిగాయి. జీతం పెంచలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు.

మా దగ్గర డ్వాక్రా గ్రూపుల లోన్ పేపర్లు చూసే ఆఫీసరమ్మకి ఆ పని అంటే ఒళ్లుమంట. పదిమంది ఆధార్‌లు, పదిమంది ఫొటోలు, తీర్మానం కాపీ, ఒకటుంటే ఒకటుండదు. ఒకసారి ఊళ్లో గ్రూపు మీటింగుకి నాతో తీసుకెళ్లాను. ఒకావిడ తన లోన్‌తో కొన్న గేదె దగ్గరికి లాక్కెళ్లి మరీ చూపించి, గ్లాసుడు పాలు తాగిస్తే గానీ వదల్లేదు. వచ్చేటప్పుడు జీపులో ఆఫీసరమ్మ పెద్దగా ఏమీ మాట్లాడలేదు. తర్వాత వారం ఏ ఏ కాగితాలు తేవాలో తెలుగులో ఒక పేజీ తయారుచేసి గ్రూపు లీడర్లకి పంచింది. దాంతో వెనక్కి పంపే ఫైళ్లు తగ్గాయి. ఉద్యోగి తన పనిని లోపల్నుంచి తనే కొంచెం మలుచుకోవడాన్ని ఎమీ రెజెన్యూస్కీ, జేన్ డట్టన్ ఆస్పత్రి క్లీనర్లలో గమనించి 2001లో రాశారు. కొందరు క్లీనర్లు తమ పనిని రోగి కోలుకోవడంలో భాగంగా చూసుకునేవారు, ఎవరూ చెప్పకపోయినా రోగులతో మాట్లాడేవారు.

మీరూ నెలకొకసారి ఎవరినో ఒకరిని అలా తీసుకెళ్లండి. లేదా లబ్ధి పొందిన మనిషినే టీ వేళకి పిలవండి. ఉపన్యాసం వద్దు, మాట్లాడుకోనివ్వండి. ఇంకో సంగతి, ‘ఇది సేవ కదా’ అంటూ సెలవులు ఎగ్గొట్టడానికీ ఓవర్‌టైం మింగేయడానికీ ఈ అడుగుని వాడుకునే పెద్దమనుషులున్నారు. సేవ అన్న మాట మీ నోట వచ్చిన రోజు లీవ్ రిజిస్టర్ ఒకసారి తెరిచి చూసుకోండి.

మరి మీ సంగతి?

పై ఆఫీసు పెట్టే వీడియో కాన్ఫరెన్సులో, అదే వీసీలో, మనకి అక్షింతలు పడతాయి. బయటికొచ్చి మొదట కనిపించినవాళ్ల మీద అరుస్తాం. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే, బ్యాంకుల్లో దీనికి నెలాఖరున సీజన్. నేను పెట్టుకున్న నియమం, వీసీ అయ్యాక ఇరవై నిమిషాలు క్యాబిన్లోంచి బయటికి రాకూడదు. ఆ ఇరవై నిమిషాల్లో విన్నదంతా కాగితం మీద పెడితే, నా స్టాఫ్‌కి నిజంగా చెప్పాల్సినవి రెండో మూడో ఉండేవి. మిగతాది నా దగ్గరే ఆగిపోయేది.

సాయంత్రం ఏడున్నర తర్వాత బ్రాంచి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టకండి. గుర్తొస్తే నోట్‌బుక్‌లో రాసుకోండి, పొద్దున చెప్పండి. మీరు ‘రేపు చూడొచ్చులే’ అని పెట్టినా వాళ్లు ఇప్పుడే చూస్తారు. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. ఇంట్లో ఫోన్ చూస్తూ గడిపిన గంటలు కూడా కలిపి మీ లెక్క వేసుకోండి.

పడుకునే ముందు ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు రాసి, ప్రతిదాని పక్కనా ‘ఎందుకు జరిగింది’ అని రాయడం సెలిగ్మన్ బృందం 2005లో పరీక్షించిన పద్ధతి. వారం రోజులు చేసినవాళ్లలో ఆరు నెలల తర్వాత కూడా మేలు కనిపించింది. నేను రోజూ రాస్తే మూడో వారానికే ‘టీ బాగుంది’ అని రాయడం మొదలుపెట్టాను. సోన్యా ల్యూబోమిర్‌స్కీ వాళ్ల ప్రయోగంలో కృతజ్ఞతల లెక్క వారానికి ఒకసారి రాసినవాళ్లకే లాభం దక్కింది, మూడుసార్లు రాసినవాళ్లకి కాదు. అప్పట్నుంచి ఆదివారం మాత్రమే రాస్తున్నాను. ‘ఎందుకు’ అన్న ముక్క మాత్రం వదలకండి, సగం విషయం అక్కడే ఉంది.

ఎక్కడ ఆగాలి

మనిషి నెలల తరబడి అలసిపోయి, పని మీద విరక్తి పెంచుకుని, తన వల్ల ఏమీ కావడం లేదనుకుంటుంటే అది బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాదు, పనిలోంచి పుట్టే స్థితిగా నమోదు చేసింది. అక్కడ కృతజ్ఞత డైరీ ఇవ్వడం అంటే కాలిన చోట పౌడర్ రాయడమే. పని తగ్గించాలి, సెలవివ్వాలి. నిద్ర లేదు, తిండి లేదు, బతకాలని లేదు లాంటి మాటలు వినిపిస్తే మీరు సైకాలజిస్టు అవతారం ఎత్తకండి. దగ్గర కూర్చుని వినండి, ఇంట్లోవాళ్లకి చెప్పే దారి చూడండి, డాక్టర్ దగ్గరికి పంపండి. టెలి మానస్ నంబరు 14416, మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు స్టాఫ్ రూమ్ గోడ మీద రాసిపెట్టండి.

ఆరో వారం: లెక్క చూసుకోండి

స్మైలీలు నొక్కే సర్వే వద్దు, మేనేజర్ చూస్తాడని అందరూ నవ్వే బొమ్మే నొక్కుతారు. వీటిని చూడండి. తమంతట తామే వచ్చి చెప్పిన పొరపాట్లు పెరిగాయా? పెరిగితే మంచిదే. చెప్పాపెట్టకుండా పెట్టే సెలవులు తగ్గాయా? సోమవారం మీటింగులో మీరు కాక ఎంతమంది మాట్లాడుతున్నారు? మొదటి వారం రాసుకున్న ఇబ్బందుల్లో ఎన్ని తీరాయి? నోట్‌బుక్‌లో కుడి పేజీల్లో ఎవరి పేరైనా అసలు రాలేదేమో కూడా వెతకండి. అలా ఒక్కసారి కూడా రాని మనిషి ఉంటే, సాధారణంగా ఆ మనిషి ఏమీ చేయకపోవడం కాదు, మన చూపు అటు పోకపోవడం.

చివరగా ఒక్కొక్కరినీ విడిగా అడగండి: ‘నేను ఏం చేయడం ఆపేస్తే మీకు హాయిగా ఉంటుంది?’

నేను అడిగినప్పుడు అయిదుగురు ‘అలాంటిదేం లేదు మేడం’ అన్నారు. ఆరో మనిషి, మొదటి వారంలో నాతో కళ్లు కలపడానికి కూడా జంకిన క్యాష్ కౌంటర్ అమ్మాయి, కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుంది. ‘ఏమీ అనుకోకండి మేడం. మేం కస్టమర్‌తో మాట్లాడుతున్నప్పుడు మీరొచ్చి మా వెనక నిలబడతారు కదా, స్క్రీన్ చూస్తూ. అది ఆపేస్తే చాలు.’

సాయం చేస్తున్నాననుకునేదాన్ని. ఎడమ పేజీలో నా పేరు రాసుకున్నాను.